ఎవరి దుడ్డు, ఎవరి అంగడి?

ఈ యేడు సంక్రాంతి అయిన మరుసటి వారం మా చిన్నకోడలు ఒక కాగితం తెచ్చి నా ముందర పెట్టింది. హొసూరు బాగలూరు రోడ్డులో కొత్తగా కట్టిన షాపింగ్ కాంప్లెక్సులో మొదటి అంతస్తు గది. వెడల్పు పదడుగులు, పొడుగు పన్నెండడుగులు. బాడిగ నెలకు 12,000. అడ్వాన్సు పది నెలలది, అంటే 1,20,000. కరెంటు, మెయింటెనెన్సు వేరే.

"మామా, ఇంట్లో కూర్చుని రవికెలు కుట్టి ఎన్నాళ్ళు? బయట బోర్డు పెట్టుకుంటే నాలుగు దుడ్లు కనబడతాయి. మీ దగ్గర మిగిలిన పీఎఫ్ దుడ్డు అడ్వాన్సుకు సర్దండి" అనింది.

నేను సరే అనలేదు, కాదనీ అనలేదు. ఎందుకంటే ఆ దోవలో ఒకసారి నడిచి చెయ్యి కాల్చుకున్నవాణ్ణి నేను. 2009లో మిల్లు వదిలి వచ్చినప్పుడు చేతికొచ్చిన దాంట్లో 90,000 తీసి మా పెద్దోడి సెల్‌ఫోను అంగడికి అడ్వాన్సు కట్టినాను. ఆ అంగడి పద్నాలుగు నెలలు నడిచింది. మూసేటప్పుడు ఓనరు రంగుకని కొంత, కరెంటు బాకీకని కొంత, ముందుగా చెప్పకుండా ఖాళీ చేసినారని కొంత పట్టుకుని నా చేతిలో 35,000 పెట్టినాడు. ముప్పై ఏళ్ళు కోన్ వైండింగులో నిలబడి కూడబెట్టిన దుడ్డు అది.

అందుకని కోడలితో "రొంత ఆగమ్మా, కనుక్కోని చెప్తాను" అన్నాను. అప్పుడు ఆమె ఇంకో మాట అడిగింది. "మామా, ఓలా స్కూటర్ కంపెనీకి గవర్నమెంటు దుడ్డిస్తుందంట కదా. మనట్లాంటోళ్ళకి ఏమీ ఇయ్యదా?"

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. జవాబు కోసం ఆరు నెలలు తిరిగినాను. హొసూరు నుంచి కృష్ణగిరికి యాభై కిలోమీటర్లు, ఎన్నిసార్లు బస్సెక్కినానో లెక్క లేదు. నేను అయిదో తరగతి దాకా తెలుగు బడిలో చదివినవాణ్ణి. కాగితాలేమో తమిళంలో, ఇంగ్లీషులో ఉంటాయి. మనవరాలు చదివి చెప్పింది, నేను ఈ కలంతో రాసుకున్నాను. అదే మీకు చెప్తున్నాను.

పెద్దవాళ్ళకు ఎట్ల ఇస్తారు

ప్రభుత్వం కంపెనీకి సాయం చేస్తుందంటే సంచిలో దుడ్డు పోసి ఇస్తుందని మనం అనుకుంటాము. అట్ల కాదు. సాయానికి చాలా రూపాలు ఉన్నాయి. సిప్‌కాట్‌లో నేల ఇస్తారు. 1971లో పుట్టిన సంస్థ అది, నేల అమ్మదు, 99 ఏళ్ళ లీజుకు ఇస్తుంది. ఆ కాగితాల మీద స్టాంపు డ్యూటీ తగ్గిస్తారు. కొన్నేళ్ళు కరెంటు పన్ను అడగరు. యంత్రాల ఖర్చులో కొంత సబ్సిడీగా ఇస్తారు. సరుకు మీద రాష్ట్రానికి వచ్చే జీఎస్టీని తిరిగి ఇవ్వడమూ ఉంది. ఇవన్నీ కలిపి పెద్ద కంపెనీతో విడిగా ఒప్పందం రాసుకుంటారు.

మన జిల్లాలోనే చూడండి. పోచంపల్లి దగ్గర ఓలా ఫ్యాక్టరీ ఉంది. ఇది చీరల పోచంపల్లి కాదు, మన కృష్ణగిరి జిల్లా పోచంపల్లి. 2020 డిసెంబరులో రాష్ట్రంతో ఒప్పందం రాసినారు. పెట్టుబడి 2,400 కోట్లు, ఉద్యోగాలు 10,000 అన్నారు, 500 ఎకరాల్లో కట్టినారు. కేంద్రం వైపు నుంచి ఇంకో పథకం ఉంది. బండ్ల కంపెనీలకు 2021లో 25,938 కోట్లతో పెట్టినారు. అమ్మిన సరుకు విలువను బట్టి కంపెనీకి ప్రోత్సాహం ఇస్తారు. అందులో ఓలాకు 2025 మార్చిలో 73.74 కోట్లు మంజూరు అయింది.

ఇది తప్పా? తప్పని తేలిగ్గా అనేసేవాణ్ణి, అయితే మా వీధి పిల్లలు కూడా కంపెనీ బస్సెక్కి పోతున్నారు. దెంకనికోట దిక్కున టాటా ఎలక్ట్రానిక్స్‌లో ఫోను భాగాలు చేసే పనికి వేలమంది ఆడపిల్లలు పోతున్నారు. కంపెనీలు రాకపోతే ఆ పిల్లలు ఏం చేస్తారు? మనం ఇయ్యకపోతే పక్క రాష్ట్రం ఇస్తుంది. కియా కారు కంపెనీ కోసం తమిళనాడు, ఆంధ్రా రెండూ పోటీ పడితే 2017లో అది పెనుకొండకు పోయింది. రాష్ట్రాలు వేలంపాట పాడినట్లు పాడుతున్నాయి. వేలంలో గెలిచినోడు ఎక్కువ ఇచ్చుకున్నోడే కదా. ఆ ఇచ్చేది సబ్బు కొన్నా బిస్కెట్టు కొన్నా మనం కట్టే జీఎస్టీలోంచే పోతుంది. అందుకని ఇచ్చినారా లేదా అని కాదు, ఇచ్చినదానికి బదులు ఏం వచ్చింది అని అడగాలి. అది అడిగే హక్కు మనకుంది.

బదులు వచ్చిన కథ, రాని కథ

బదులు వచ్చిన కథ మన హొసూరులోనే ఉంది. 1984లో టాటా వాళ్ళు, తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో కలిసి గడియారాల కంపెనీ పెట్టినారు. దాని పేరులోనే ఆ పొత్తు ఉంది. టాటా ఇండస్ట్రీస్, తమిళనాడు, ఈ రెండు పేర్ల ఇంగ్లీషు అక్షరాలు కలిపితే టైటాన్ అయింది. ప్రభుత్వం అక్కడ దుడ్డు ఊరికే ఇయ్యలేదు, వాటా తీసుకుంది. ఇప్పటికీ టైటాన్‌లో టిడ్కోకు నూటికి దాదాపు 28 వంతుల వాటా ఉంది. 2023లో ఆ కంపెనీ మొత్తం విలువ 3 లక్షల కోట్లు దాటింది. అప్పటి లెక్కన రాష్ట్రం వాటా 80,000 కోట్ల పైమాటే. ఏటా లాభంలో డివిడెండు కూడా వస్తుంది. కంపెనీ పెరిగేకొద్దీ జనం దుడ్డు కూడా పెరిగింది. హొసూరు పిల్లలకు పనీ దొరికింది.

ఇప్పుడు మన మిల్లుల కథ చెప్తాను. ఇది మనందరి ఇళ్ళలో జరిగిందే.

1999 ఏప్రిల్ 1న కేంద్రం మిల్లులకు ఒక పథకం పెట్టింది. టఫ్స్ అనేవాళ్ళు. కొత్త యంత్రం కొనడానికి మిల్లు ఓనరు బ్యాంకులో అప్పు తీసుకుంటే, వడ్డీలో నూటికి 5 వంతులు ప్రభుత్వం భరిస్తుంది. తర్వాత 2016లో దాన్ని మార్చి, ఏడేళ్ళ లెక్కకు 17,822 కోట్లు కేటాయించినారు. పాత యంత్రాలతో చైనా నూలు ముందర నిలబడలేము అన్నారు. ఆ మాట నిజమే. నేను చేసిన మిల్లులో కూడా ఆటోకోనర్ వచ్చింది. తెగిన దారాన్ని అదే పట్టుకుని అదే అతికించేది. మొదటి రోజు నేను నోరు తెరుచుకుని చూసినాను, అంత బాగుండేది. షిఫ్టుకు ముప్పైమంది చేసే పనికి ఆరుగురు చాలన్నారు. మిగతావాళ్ళకు చెయ్యి చూపించినారు. మిల్లు పేరు చెప్పను, ఎవరినీ దూషించడానికి రాయడం లేదు. చెప్పేది ఒకటే. వడ్డీ సాయం యంత్రానికి వచ్చింది, ఆ యంత్రం వల్ల లేచిపోయిన మనిషికి రాలేదు. యంత్రానికి ఇచ్చినదాంట్లో పదో వంతు పెట్టి మాకు వేరే పని నేర్పించి ఉంటే, మా పెద్దోడి అంగడి అడ్వాన్సుకు నేను అంత తొందరపడేవాణ్ణి కాదు.

ముంబైలో ఇంకా పెద్దగా జరిగింది. కరీంనగరం, నల్లగొండ దిక్కు నుంచి పోయిన మన పద్మశాలీలు ఎందరో అక్కడి మిల్లుల్లో చేసినారు. 1982 జనవరి 18న మొదలైన సమ్మెలో రెండున్నర లక్షల మంది కార్మికులు దిగినారు. సమ్మె చితికింది, మిల్లులు మూతబడినాయి. 1991లో నియమాలు మార్చి మిల్లు నేలలో వేరే కట్టడాలు కట్టుకోవచ్చు అన్నారు. లోయర్ పరేల్‌లో 1905 నాటి ఫీనిక్స్ మిల్లు ఉన్న చోట ఇప్పుడు పెద్ద మాల్ ఉంది. నియమం మార్చడం కూడా ఒక సాయమే, దాంట్లో చేతికి చెయ్యి దుడ్డు మారదు కాబట్టి మనకు కనబడదు. నూలు వడికిన చోట ఇప్పుడు బట్టలు అమ్ముతున్నారు. వడికినవాళ్ళ మనవళ్ళు ఆ మాల్ గేటు దగ్గర సెక్యూరిటీ డ్రెస్సులో నిలబడి ఉంటే ఆశ్చర్యం లేదు.

ఓనరు లేని షాపింగ్ సెంటరు

మాల్ అంటే గుర్తొచ్చింది. జనం దుడ్డుతో కట్టి, ఒక్క ఓనరుకు కూడా అప్పగించని షాపింగ్ సెంటరు హొసూరులో ఉంది. రోజూ మనం పోయేదే, ఉళవర్ సందై. 1999 జనవరి 26న ఆంధ్రాలో రైతు బజార్లు మొదలైనాయి. అదే సంవత్సరం నవంబరు 14న మదురైలో మొదటి ఉళవర్ సందై తెరిచినారు, తర్వాత రాష్ట్రమంతా వచ్చినాయి. అక్కడ రైతుకు గుర్తింపు కార్డు ఇస్తారు. కూర్చునే చోటుకు బాడిగ లేదు, అడ్వాన్సు లేదు, దళారి లేడు. తక్కెడ కూడా వాళ్ళే ఇస్తారు. ధర బోర్డు మీద రాస్తారు. బాగలూరు, బేరికె, శూలగిరి దిక్కు రైతులు తెల్లారి మూటలు దించుతుంటే చూడండి. బాడిగ లేకపోతే ధర ఎట్ల తగ్గుతుందో అక్కడ తెలుస్తుంది.

మా కోడలి గదికి లెక్క వేసి చూపించినాను. రవికె కుట్టుకూలి 150 అనుకుంటే, 12,000 బాడిగకు నెలకు 80 రవికెలు కుట్టాలి. అంటే ఇరవై ఆరు పని దినాల్లో రోజుకు మూడు రవికెలు కాంప్లెక్సు ఓనరు కోసమే. దారం, కరెంటు, చేతి కూలి ఆ తర్వాతే. ఆమె కాగితం మీద మళ్ళీ మళ్ళీ కూడింది. ఏమీ మాట్లాడలేదు.

మనకు ఉండేది ఏమిటి

మనకు ఏమీ ఇయ్యదా అని అడిగింది కదా. ఇస్తుంది. అయితే పెద్ద కంపెనీ దగ్గరికి ఆఫీసర్లు వస్తారు, మనం ఆఫీసరు దగ్గరికి పోవాలి. తేడా అదే. కృష్ణగిరి జిల్లా పరిశ్రమల కేంద్రంలో, బ్యాంకుల్లో నేను తెలుసుకున్నవి చెప్తాను.

పీఎంఈజీపీ అనే కేంద్ర పథకం 2008 నుంచి ఉంది. కొత్తగా పెట్టే పనికే ఇస్తారు. 2022లో పెంచిన లెక్క ప్రకారం, తయారీ పనికి 50 లక్షల దాకా, సేవల పనికి 20 లక్షల దాకా ఖర్చు చూపించవచ్చు. వయసు 18 నిండాలి. తయారీకి 10 లక్షలు, సేవకు 5 లక్షలు దాటకపోతే చదువు అడగరు. ఆడవాళ్ళకు, బీసీ, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీ వాళ్ళకు టౌనులో అయితే నూటికి 25 వంతులు, పంచాయతీ ఊళ్ళో అయితే 35 వంతులు సబ్సిడీ. మనం చేతి నుంచి పెట్టుకోవలసింది 5 వంతులే. మిగతావాళ్ళకు టౌనులో 15, ఊళ్ళో 25, చేతి నుంచి 10. మొగుడూ పెళ్ళాల్లో ఒకరికే ఇస్తారు.

తమిళనాడు ప్రభుత్వానిది యూవైఈజీపీ అని ఇంకొకటి ఉంది. దాంట్లో అంగడి వ్యాపారానికి కూడా ఇస్తారు. సబ్సిడీ 25 వంతులు, ఎనిమిదో తరగతి పాసయి ఉండాలి. తోపుబండి వాళ్ళకు, రోడ్డు పక్కన పూలు, పండ్లు అమ్ముకునే వాళ్ళకు 2020లో పీఎం స్వనిధి వచ్చింది. 10,000 అప్పుతో మొదలైంది, కట్టేకొద్దీ ఎక్కువ ఇస్తారు, వడ్డీలో 7 వంతులు తిరిగి వస్తాయి. 2014 చట్టం ప్రకారం రోడ్డు అంగళ్ళ కమిటీలో నూటికి 40 మందికి తక్కువ కాకుండా అమ్ముకునేవాళ్ళే ఉండాలి. ఈ సంగతి అమ్ముకునేవాళ్ళలో చాలామందికి తెలియదు.

ఇప్పుడు జాగ్రత్తగా వినవలసిన మాట. సబ్సిడీ చేతికి రాదు. మా కోడలి లెక్కతోనే చెప్తాను. మూడు పవర్ మిషన్లు, ఒక ఓవర్‌లాక్, ఇస్త్రీ బల్ల, కొంత గుడ్డ, అన్నీ కలిపి 4,00,000. ఆమె పెట్టింది 20,000. బ్యాంకు ఇచ్చింది 3,80,000. మా ఊరు కార్పొరేషను హద్దుకు బయట, పంచాయతీలో ఉంది. కాబట్టి సబ్సిడీ 35 వంతులు, 1,40,000. ఆ దుడ్డు బ్యాంకులో ఆమె పేరుతో మూడేళ్ళు డిపాజిట్‌గా ఉంటుంది. అంతమటుకు అప్పు మీద వడ్డీ వేయరు. మూడేళ్ళు పని సరిగ్గా నడిస్తే అప్పులో జమ చేస్తారు. మధ్యలో మూసేస్తే వెనక్కి పోతుంది. అదే కాంప్లెక్సు గదిలో, టౌనులో పెట్టి ఉంటే సబ్సిడీ 1,00,000 మాత్రమే. ఇంటి ముందర వసారాలో పెడితే 40,000 ఎక్కువ, బాడిగ లేదు, అడ్వాన్సు లేదు. ఇది చూసిన రోజే ఆమె ఆ కాగితం తీసి పక్కన పెట్టింది. నా పీఎఫ్ దుడ్డు నా దగ్గరే ఉంది.

ఇదంతా సులువుగా అయిందని అనుకోకండి. మొదటి బ్యాంకులో ఇంటి పట్టా తాకట్టు పెట్టమన్నారు. 10 లక్షల దాకా చిన్న పరిశ్రమల అప్పుకు తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఆ మాట నేను చెప్తే ఆ ఆఫీసరు "మీరేం చదువుకున్నారు?" అన్నాడు. అయిదో తరగతి అన్నాను. నవ్వినాడు. ఆ రోజు బస్సులో తిరిగి వస్తూ కోడలి మొగం చూడలేకపోయినాను. తర్వాత పరిశ్రమల కేంద్రంలో చెప్పి, దరఖాస్తు వేరే బ్రాంచికి మార్పించుకున్నాము. మధ్యలో ఒకాయన 10,000 ఇస్తే పని చేయించి పెడతానన్నాడు. దరఖాస్తుకు రుసుమే లేదు, దళారికి ఎందుకు ఇస్తాము? మొత్తం అయిదు నెలలు పట్టింది. నేర్చుకునే శిక్షణ కూడా పూర్తి చేసింది. ఆడి మాసం పోయి ఆవణి వచ్చినాక మిషన్లు దిగినాయి.

మనం అడగవలసినవి

పిల్లలు అంగడి పెడతామంటే వద్దనకండి. అయితే మిల్లు నుంచి వచ్చిన దుడ్డు, పీఎఫ్, గ్రాట్యుటీ, ఏదైనా సరే, కాంప్లెక్సు అడ్వాన్సులో మొదటే పోయకండి. ముందు జిల్లా పరిశ్రమల కేంద్రానికి పోయి ఏ పథకం సరిపోతుందో అడగండి. అప్పటికి లెక్కలు మారి ఉంటే అక్కడే సరిచూసుకోండి. పని ఎక్కడ పెడితే సబ్సిడీ ఎక్కువో చూసి చోటు ఎంచుకోండి. అడ్వాన్సు కట్టక తప్పకపోతే, ఖాళీ చేసేటప్పుడు ఏమేం పట్టుకుంటారో కాగితం మీద రాయించుకోండి. నేను రాయించుకోలేదు, 55,000 పోగొట్టుకున్నాను. మీ మాట వినకపోతే సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు, పోయి ఇయ్యండి. ఒక్కరే పోకండి, నలుగురు కలిసి పోండి. మిల్లులో యూనియన్ నేర్పించింది అదే కదా.

ఇంకొకటి. మన జిల్లాకు పెద్ద కంపెనీ వస్తుందని పేపర్లో చదివినప్పుడు మూడు మాటలు అడగడం నేర్చుకుందాము. మన దుడ్డు ఎంత పోతుంది? టైటాన్‌లో మాదిరిగా మనకు వాటా ఉందా? మన పిల్లలకు ఇచ్చే పని పర్మనెంటా, కాంట్రాక్టా? 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి ఎవరైనా అడగవచ్చు. అయిదో తరగతి చదివినవాడు కూడా అడగవచ్చు. వచ్చే నెల నేను ఒక అర్జీ వేస్తున్నాను. జవాబు వస్తే ఈ పత్రికలోనే రాస్తాను.

మా వసారాలో ఇప్పుడు మూడు మిషన్లు ఆడుతున్నాయి. వీధిలో ఇద్దరు ఆడపిల్లలు పనికి వస్తున్నారు. మధ్యాహ్నం నిద్రపోదామంటే ఆ చప్పుడుకు కుదరడం లేదు. మా ఆవిడ విసుక్కుంటుంది. నాకు మాత్రం మిల్లులో పగటి షిఫ్టు మాదిరిగా ఉంది. మొదటి రెండు కంతులు తేదీకే కట్టింది. ఇంకా చాలా కంతులు ఉన్నాయి. మీ ఇంట్లో కూడా ఎవరైనా కాంప్లెక్సు కాగితం పట్టుకుని వస్తే, ముందు ఈ లెక్క చూపించండి.